ఖాళీ రాడ్డు

చీమకుర్తిలో కోళ్ళకంటే ముందు
గ్రానైట్ లారీలు లేస్తాయి.
వాటి తర్వాత నేను.

కుడికాలే ముందు కింద పెట్టాలి.
నడుములో ఎడంపక్కన
నొప్పి పడుకొని ఉంటుంది
చంటిపిల్లలా.
మంచం కిర్రుమంటే చాలు, ఏడుపందుకుంటుంది.

పాలిష్ ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు.
బోర్డు లేదు, తాళమూ లేదు.
"ఈడ ఏదన్నా ఎత్తుకుపోవాలంటే
ముందు ఎత్తగలగాలి గదా"
అంటాడు మాలకొండయ్య.

రామతీర్థం క్వారీలో పద్దెనిమిదేళ్ళు
ఆయన రాయిని కోశాడు.
రాయి కూడా ఆయన్ని కోసింది, రెండు వేళ్ళు.
మిగిలిన ఎనిమిదితో
పగులొచ్చి ఓడెక్కని పలకల్ని ఏరుకొచ్చి
గుండ్రంగా చెక్కి, నడిమధ్య బెజ్జం వేసి
బిళ్ళలు చేశాడు.
పొగాకు బేళ్ళ కాటా మీద తూచి
సుద్దతో అంకెలు వేశాడు.
పది కిలోల బిళ్ళ
నిజానికి పది కిలోలా మున్నూరు గ్రాములు.
ఆ మున్నూరు ఎవరిదంటే
"నీదే, కొసరు" అన్నాడు.

పోయినేడు ఈ నేల మీంచి
తొంభై ఐదు లేపాను.
గోడ మీద నా పేరు పక్కన ఆ అంకె ఉంది.
ఆ పూట పొదిలి సర్వీసులో
అడిగినవాడికల్లా చిల్లర
నవ్వుతూ ఇచ్చాను.

తర్వాత ఒక మధ్యాహ్నం
ఒక చేతిలో టిక్కెట్ మిషను, రెండో చెయ్యి గాల్లో,
బర్రెగొడ్డు అడ్డమొచ్చింది, డ్రైవరు బ్రేకు తొక్కాడు,
సీటు కమ్మీ నా నడుం కోసమే ఆగినట్టు ఆగింది.
తొంభై ఐదు కిలోలకి వంగని వెన్ను
ఒక బర్రెకి వంగింది.

ఒంగోలు డాక్టరు ఫిల్ము వెలుగుకి పట్టి
"బిందె కూడా ఎత్తొద్దమ్మా" అన్నాడు.
మా వీధికి ట్యాంకరు వచ్చే పూట
ఆయన రాలేదు.

మూడు నెలలు బల్లమీద వెల్లకిలా పడుకొని
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.
మూడే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా.
"నలభై మూడేళ్ళ దానివి, ఎందుకు మే నీకీ బండలు"
అంది ఆడబిడ్డ, కాపడం పెడుతూ.
జవాబు దొరకలేదు.
ఇప్పటికీ దొరకలేదు.

తిరిగి షెడ్డుకి వెళ్ళిన రోజు
మాలకొండయ్య బిళ్ళలన్నీ పక్కకి దొర్లించి
ఖాళీ రాడ్డు నా ముందు పెట్టాడు.
పది పాసైన దాన్ని
ఒకటో తరగతి బల్లమీద కూచోబెట్టినట్టుంది.
నిన్నగాక మొన్న మీసమొచ్చిన కరీముల్లా
చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.
నడుం కంటే ఆ మర్యాదే ఎక్కువ నొప్పి పెట్టింది.

రాడ్డుకి నా పాత అంకె తెలవదు.
నడుముకి తెలుసు. మనసుకి మరీ తెలుసు.
ముగ్గురం కలిసి వంగాం,
నేనూ అదీ ఇదీ, ఒకరినొకరు నమ్మకుండా.

"నొప్పులు రెండు రకాలు మే.
ఒకటి ఆగమంటది. ఒకటి మెల్లగా అంటది" అన్నాడాయన.
వినడానికి బాగానే ఉంది.
రెండింటి గొంతూ ఒకటే.
మెల్లగా అన్నదాన్ని ఆగమందనుకొని
చాలా తెల్లవార్లు ఇంటికి తిరిగొచ్చేశాను.
ఆగమన్నదాన్ని మెల్లగా అందనుకొని
ఒక వారం మూలిగాను.
ఇప్పుడు కాస్త చెవికి అలవాటవుతోంది,
పదిసార్లలో ఆరుసార్లు.

ఇవాళ నలభై.
రాడ్డు ఇరవై, బిళ్ళలు రెండు,
కొసరు ఆరొందల గ్రాములు.
ట్యూబులైటు కింద నల్లరాయిలో
బంగారు చుక్కలు ఒకసారి పైకి లేచి
నా మోకాళ్ళు దాటి
తొడల దగ్గర నిలబడ్డాయి.
దించేటప్పుడు చప్పుడు రానివ్వలేదు.

గోడ మీది పాత అంకె తుడిచేయనా
అని తడిగుడ్డ పట్టుకొని అడిగాడు కరీముల్లా.
ఉండనీరా అన్నాను.
దాని కింద చోటు ఉంది, అక్కడ రాయి.

ఆరుంబావు.
రాత్రి హాల్టు పడుకున్న మా బస్సు
ముక్కుతూ లేచింది.
మొదటి మెట్టు ఎత్తు ఎక్కువ,
నెల కిందటిదాకా రెండు కమ్మీలూ పట్టుకొని ఎక్కేదాన్ని.
ఇవాళ ఎడంకాలు ముందు పెట్టాను.
నొప్పి కూడా నా వెనకే ఎక్కింది.
దానికి టిక్కెట్టు కొట్టలేదు.

రైట్, రైట్.